పాటకై పట్నమునకు

తెల్లవారుజామున గుంటూరు విడిచిన పల్నాడు ఎక్స్‌ప్రెస్సు సత్తెనపల్లి, పిడుగురాళ్ల, నడికుడి స్టేషనుల మీదుగా హైదరాబాదు దిక్కునకు సాగిపోవుచుండును. అందులో ఆసుపత్రికి పోవువారు, కచేరీపనులమీద పోవువారు, కొలువు వెదకికొనుచు పోవువారు ఎల్లప్పుడు నుందురు. కొంతకాలమునుండి మఱియొక తరగతి ప్రయాణికులు కనబడుచున్నారు. వారి చేత అర్జీలు లేవు, వైద్యుల చీటీలు లేవు. వారు పాట వినుటకు పోవుచున్నారు. మహానగరమున ఒక సుప్రసిద్ధ గాయకుడో, సంగీతదర్శకుడో వేలజనుల యెదుట పాడునని తెలిసి, ముందుగనే టిక్కెట్టు కొని, పగలు చార్మినారును గోలకొండను చూచి, రాత్రి పాట విని, మఱునాటికి ఊరు చేరుదురు. నరసరావుపేటలోనేమి, మాచర్లలోనేమి, గురజాలలోనేమి, ఇట్టి ప్రయాణము నేటి పడుచువారికి ఒక పండుగయైనది.

ఇది చూచి పెద్దలు ముక్కుపై వ్రేలు వేసికొనుచున్నారు. ఆ పాటయే చేతిలోని ఫోనులో కాసు ఖర్చు లేక వినవచ్చుచుండగా దానికై వేలరూపాయలు పోసి, రెండు రాత్రుల నిద్ర చెడగొట్టుకొని పోవుట యేమి వెఱ్ఱియని పఠనమందిరముల అరుగులమీద ప్రశ్నించుచున్నారు. మేము ఆ పక్షమున చేరజాలము. పాట వినుటకు పట్నము పోవుట తప్పు గాదు. అయితే పాట వినవలెనన్న పట్నమునకే పోవలసివచ్చుట మాత్రము తప్పు. ఆ తప్పు పోవువారిది గాదు. పోవువారిని చూచి నవ్వుచు ఊరిలో కూర్చున్న మనది. ఈ సంగతినే నేడు పాఠకుల యెదుట పెట్టదలచినాము.

పాటకై దారి నడచుట పల్నాటివారికి క్రొత్త గాదు. మన తాతలు ఎడ్లబండ్లు కట్టుకొని కోటప్పకొండ తిరునాళ్లకు పోయి ప్రభలయెదుట తెల్లవార్లు మేలుకొన్నవారే. పొరుగూరిలో పద్యనాటకము ఆడుచున్నారని తెలిసిన, పొలమునుండి వచ్చి కాళ్లు కడుగుకొని, ఆ కాళ్లతోనే మూడు నాలుగు కోసులు నడచినవారు మన యిండ్లలో నుండిరి. ఒక్క పద్యమును మూడు మార్లు పాడించుకొని గాని నటుని వదలనివారు వారు. అట్టివారి మనుమలు పాటకై రైలెక్కిరన్న ఆశ్చర్యమేమి? రక్తములోని వాసన ఎక్కడికి పోవును?

కాని తాతకును మనుమనికిని నడుమ ఒక భేదమున్నది. తాత నడచిన దారి ఊరినుండి ఊరికి. మనుమని దారి ఊరినుండి రాజధానికి. ఈ మార్పు ఎట్లు వచ్చెనో కొంచెము విచారింతము.

నూఱేండ్లలోపల పల్నాడు నాలుగు రాజధానులను చూచినది. 1953 వఱకు చెన్నపట్టణము. ఆ యేడు అక్టోబరు 1 నుండి కర్నూలు. 1956 నవంబరు 1 నుండి హైదరాబాదు. 2014లో రాష్ట్రము విడిపోయిన తరువాత, 2015 అక్టోబరు 22న శంకుస్థాపన జరిగిన అమరావతి. హైదరాబాదు పదేండ్లు ఉమ్మడి రాజధానిగ నుండి 2024 జూన్ 2తో ఆ సంబంధమును తెంచుకొన్నది. నేడది తెలంగాణ రాజధాని మాత్రమే. అయినను మన పడుచువారి పాటప్రయాణము నేటికిని అటే సాగుచున్నది. రాజధాని కాగితముమీద మారుట సులభము. పాట మారుటకు తరము పట్టును. వీనిలో కర్నూలు మూడేండ్ల ముచ్చట గనుక దానిని విడిచి తక్కినవాని సంగతి చెప్పుదుము.

చెన్నపట్టణమును తలచుకొందము. 1927 డిసెంబరులో అచ్చట కాంగ్రెసు మహాసభ జరిగినపుడు దానితోపాటు అఖిలభారత సంగీతసభయు జరిగినది. దాని ఫలముగ 1928లో మ్యూజిక్ అకాడమీ వెలసినది. దేశస్వాతంత్ర్యము కోరినవారికి దేశసంగీతముగూడ దేశసేవలో భాగమని తోచిన రోజులవి. నాటినుండి ప్రతి మార్గశీరమున చెన్నపట్టణము పాటలపట్టణమగుచున్నది. మన ప్రాంతపు వకీళ్లును, ఉపాధ్యాయులును, వర్తకులును క్రిస్మసు సెలవులలో రైలెక్కి అచ్చటికి పోయి, పగలు సముద్రతీరమును చూచి, సాయంకాలము కచేరి వినుట ఒక మర్యాదగ నుండెడిది.

అచ్చట వారు వినినదేమి? తెనుగుపాట! కాకర్ల యింటిపేరు గల త్యాగరాజస్వామి కీర్తనలు, క్షేత్రయ్య పదములు. వేదికపై పాడువాడు తమిళుడు, చుట్టు కూర్చున్నవారు తమిళులు, మాట మాత్రము మన యింటిది. సభయంతయు రాగమునకు తల యూపుచుండగా, మూలను కూర్చున్న పల్నాటి పంతులుగారు ఒక్క మాటకు కన్నీరు పెట్టుకొనెడివారు. తన భాషలోని పాటను వినుటకు ఇన్ని క్రోసులు రావలసివచ్చెనే యని ఆయన మనస్సు కలుక్కుమనలేదా? అనియే యుండును. కాని ఇంటికి వచ్చి ఆయన సభ స్థాపింపలేదు. వచ్చే యేటి డిసెంబరునకై ఎదురుచూచెను.

తమిళ సోదరు లట్లూరకుండలేదు. తమ సభలలో తమ భాష పాటకు తగిన చోటు లేదని వారికి తోచినపుడు, రాజా సర్ అన్నామలై చెట్టియారుగారి అండతో ఉద్యమము లేవదీసి 1943లో తమిళ ఇసై సంఘమును నెలకొల్పిరి. ఆనాడు మనవారు కొందఱు దీనిని తెనుగుపాటపై దండయాత్రగ భావించి నొచ్చుకొనిరి. మేము అట్లు భావింపము. తన భాషలో పాట వినగోరినవాడు ఇతరుల పాటకు శత్రువు గాడు. వారు తమ పాటకు ఇల్లు కట్టుకొనిరి. మనము మన పాట పరాయింట గౌరవము పొందుచున్నదని సంతోషించుచు ఊరకుంటిమి. నేర్చుకొనవలసినది వారినుండియే.

పాట మాత్రమేనా? పట్నము చూడబోయిన పల్నాటివాడు ఎగ్మూరులోని మ్యూజియమునకు పోయి, తెల్లని చలువరాతి శిల్పములయెదుట నోరు తెఱచుకొని నిలిచెడివాడు. అవి యెచ్చటివి? మన అమరావతివి. ఆ రాతిని శిల్పశాస్త్రజ్ఞులు పల్నాటి చలువరాయి యనియే పిలుచుచున్నారు. 1845లో వాల్టరు ఎలియటు దొర త్రవ్వించిన ఆ రాళ్లు చెన్నపట్టణము చేరినవి. వానిలో కొన్ని 1859లో సముద్రము దాటి లండను నగరము చేరినవి. ఆ ఫలకములపై వీణలవంటి వాద్యములు మీటువారు, పిల్లనగ్రోవు లూదువారు, మద్దెలలు వాయించువారు, ఆడువారు నేటికిని కనబడుదురు. మన నేలనుండి పోయిన రాతిపై మన పూర్వుల సంగీతమును, పరుల పట్టణమున టిక్కెట్టు కొని చూచుట! ఇంతకుమించిన విద్య ఏ రాజధాని మనకు చెప్పగలదు?

రాళ్లు తమంతట తాము నడువలేవు గనుక ఎవరో మోసికొనిపోయిరనవచ్చును. కాళ్లున్న కళాకారులుగూడ ఏల పోయిరి? చిలకలూరిపేట నాదస్వరము ఒకప్పుడు దక్షిణదేశమున పేరు మ్రోగినది. అచ్చటి షేక్ ఆదం సాహేబుగారి శిష్యరికము చేసిన షేక్ చిన మౌలానాగారు కరవదిలో 1924లో జన్మించిన ఆంధ్రుడు. ఆయన తంజావూరు బాణి నేర్చి, శ్రీరంగమున స్థిరపడి, 1998లో మ్యూజిక్ అకాడమీవారి సంగీతకళానిధి బిరుదము నందెను. ఆయన శిష్యులైన షేక్ మహబూబ్ సుభాని, కాలీషాబీ దంపతులును శ్రీరంగముననే నివసించుచు 2020లో పద్మశ్రీ పురస్కారమున కెన్నికైరి. రంగనాథుని సన్నిధిని మన ముసల్మాను సోదరుల నాదస్వరము మ్రోగుట ఈ దేశమునకు గర్వకారణము. కాని ఆ నాదము పుట్టిన గడ్డపై ఒక పెండ్లికి నాదస్వరము కావలెనన్న నేడెంత వెదకవలసియున్నదో మీకు తెలియును. పెండ్లిపందిరిలో వారి పీటను తీసి సౌండుపెట్టెలు పెట్టుకొన్నది మనమే.

మంగళంపల్లి బాలమురళీకృష్ణగారి కథయు నిట్టిదే. బెజవాడలో పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారియొద్ద నేర్చి, 1948 డిసెంబరు 1న ఆరంభమైన విజయవాడ రేడియో కేంద్రమున తెల్లవారుపాటను ఇంటింటికి పంచిపెట్టిన ఆ మహాగాయకుడు తుదకు చెన్నపట్టణవాసియై, అచ్చటనే 2016లో కన్నుమూసెను. వీరి నెవరును తఱిమివేయలేదు. ఆదరించువారు, మెచ్చువారు, పదిమంది శిష్యులు, నెలకు పది కచేరులు ఎచ్చట నుండునో అచ్చటికి కళాకారుడు పోవును. వాగు ఎండినచోట కొంగ నిలువదు. కొంగను నిందించి ప్రయోజనమేమి?

ఇక నేటి ప్రయాణమునకు వత్తము. ఇటీవల మా పరిచితుడైన ఒక నరసరావుపేట యువకుడు హైదరాబాదునకు పోయి ఒక పెద్ద సినీసంగీత ప్రదర్శనము విని వచ్చెను. మేము ఆతనిని కూర్చుండబెట్టి అడిగితిమి. ఉదయము గోలకొండకు పోయెనట. ఫతే దర్వాజా గుమ్మటముక్రింద చప్పట్లు కొట్టిన పైనున్న బాలాహిస్సారున వినబడునని చెప్పిరట. తానును కొట్టి చూచెనట. మధ్యాహ్నము సాలార్జంగు మ్యూజియమున గంటలు కొట్టు బొమ్మగడియారముముందు వందలమందితో కూర్చుండెనట. సాయంకాలము మూడు గంటలు వరుసలో నిలిచి లోపలికి పోయెనట.

“వేదిక ఎంత కనబడినది?” అంటిమి.

“బొటనవ్రేలంత కనబడినదయ్యా. గాయకుని ముఖము తెరమీదనే చూచితిని.”

“పాట?”

“తప్పెటలవంటి చప్పుడే గుండెకు తగిలినది. మాటలు సరిగ వినబడలేదు.”

“మఱి యెందులకు పోయితివి?”

ఆతడు కొంతసేపు ఊరకుండి యిట్లనెను: “అయ్యా, ఒక పాటను గాయకుడు నడుమ ఆపివేసి మావైపు చేయి చాచెను. అన్ని వేలమందిమి ఒక్క గొంతుతో తక్కిన చరణము పాడితిమి. నా ప్రక్కవాడెవడో, ఏ ఊరివాడో, ఏ కులమువాడో నాకు తెలియదు. వాడు నా భుజముమీద చేయి వేసి పాడుచుండెను. ఆ ఒక్క క్షణమునకే పోయితిననుకొనుడు.”

ఈ మాట వినిన పిమ్మట ఆ యువకుని హేళన చేయుటకు మాకు నోరు రాలేదు. ఆతడు వెదకికొనుచు పోయినది సంగీతమును మాత్రమే గాదు, తోడిమనుష్యుని. ఫోనులో పాట దొరకును. ప్రక్కవాని చేయి దొరకదు. పెద్దలు అడిగిన ప్రశ్నకు ఇదియే జవాబు.

అయితే ఆ చేయి భుజముమీద పడుటకు ఆతడు ఎంత మూల్యము చెల్లించెను? ఆతని జీతములో కొంత భాగము టిక్కెట్టునకును, కొంత భాగము బసకును, తిండికిని పోయినది. ఆ మైదానము వెండి, బంగారము, ప్లాటినము అను పేర్ల కంచెలతో ముక్కలు చేయబడియుండెను. ఎవని సంచి ఎంత బరువో వాడంత ముందునకు. వెనుకనున్నవాడు పాట విననక్కఱలేదు, పాట జరిగినచోట నుంటినని చెప్పుకొనిన చాలునన్నట్లు ఏర్పాటు. టిక్కెట్టు కొన్నవానికైనను నమ్మకము లేదు. 2023 సెప్టెంబరు 10న చెన్నపట్టణము శివారులలో జరిగిన ఒక సినీసంగీత కచేరిలో టిక్కెట్టు చేతబట్టుకొని లోపలికి పోజాలక వెనుదిరిగినవారును, త్రొక్కిడిలో నలిగినవారును ఎందఱో దేశమంతయు చూచినది. నిర్వాహకులు పిదప క్షమాపణ చెప్పుకొనవలసివచ్చినది.

టిక్కెట్టు పెట్టుటనే మేము నిందించుట లేదు. కళాకారునికి కూలి ముట్టవలెను. ఉచితముగ పాడించుకొని, శాలువ కప్పి పంపివేయు మన పాత యలవాటు కళకు చేసిన మేలు లేదు. నాదస్వరవిద్వాంసుడు ఊరు విడిచిపోయినది ఆ శాలువలు తినలేకనే. మేమనునది వేఱు. పాటకు మూల్యముండవచ్చును, కాని మూల్యము చెల్లింపలేనివానికిని పాటలో పాలుండవలెను. చెన్నపట్టణపు సభలలో నేటికిని డిసెంబరుమాసమున పగటివేళ కచేరులు పెక్కుచోట్ల ఉచితము. పెద్ద విద్వాంసుని రాత్రి కచేరికి టిక్కెట్టు కొనలేనివాడు పగలు పోయి రేపటి విద్వాంసుని నేడు విని వచ్చును. ఇది వ్యాపారమునకు నష్టము చేయలేదు, శ్రోతలను పెంచినది.

మఱి పల్నాటివారికి ఈ సంగతి మఱియొకరు బోధింపవలెనా? చాపకూడు పుట్టిన సీమ యిది! పండ్రెండవ శతాబ్దిలో బ్రహ్మనాయడు అన్ని కులములవారిని ఒక్క చాపపై కూర్చుండబెట్టి అన్నము పెట్టినాడని మన వీరగాథ ఎలుగెత్తి చాటుచున్నది. కూటికి ఒక్క చాప పఱచిన సీమలో పాటకు మూడు కంచెలు కట్టుట శోభించునా?

ఆ చాప నేటికిని కారెంపూడిలో పఱచియేయున్నది. ఏటేట కార్తికమాసపు అమావాస్యనుండి నాగులేటి ఒడ్డున ఐదు దినములు వీరుల ఆరాధన జరుగును. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఆ ఐదు దినములకు పేర్లు. రాయబారమును, కోళ్ల పందెమును, బాలచంద్రుని తెగువను, కన్నమదాసు స్వామిభక్తిని వీరవిద్యావంతులు వీరావేశముతో పాడుదురు. వారు తరతరములుగ దళిత కుటుంబములవారు. ఏ సంగీతకళాశాలయు వారికి పట్టము నీయలేదు. ఏ వేదికయు వారికి ప్లాటినపు వరుస వేయలేదు. అయినను ఎనిమిదివందల యేండ్ల కథను పుస్తకము లేక, తాళపత్రము లేక కంఠమున నిలిపినది వారే. అక్కిరాజు ఉమాకాంతముగారు 1911లో పల్నాటి వీరచరిత్రను అచ్చొత్తించి పండితలోకమునకు చూపిరి. అమెరికానుండి వచ్చిన జీన్ రోఘేరు అను విద్వాంసుడు వీరవిద్యావంతుల నోటినుండి ఆ కథను యంత్రమున కెక్కించి, ఆంగ్లమున అనువదించి, 1982లో ఆక్స్‌ఫర్డునుండి ప్రకటించెను. సముద్రములు దాటి యొకడు మన పాటకై కారెంపూడికి వచ్చెను!

ఆ నరసరావుపేట యువకుని మేము తుదకొక ప్రశ్న వేసితిమి. “నీవు కారెంపూడి తిరునాళ్లకెన్నిసారులు పోయితివి?” ఆతడు తల వంచుకొనెను. “ఒక్కమారును పోలేదయ్యా. అచ్చట నేముండునో మాకెవరును చెప్పలేదు.” ఈ జవాబు ఆతనికి గాదు, మాకే సిగ్గు తెచ్చినది. హైదరాబాదులో ప్రదర్శనము జరుగునన్న వార్త ఆతని ఫోనునకు నెలముందే వచ్చినది. తన జిల్లాలో జరుగు పాటను గూర్చి పత్రికలు వ్రాసినవి ఆతని చెవికి చేరలేదు; బడిలో గురువు చెప్పలేదు; ఇంటిలో తండ్రి చెప్పలేదు. చెప్పనివారు మనము, తల వంచుకొన్నవాడు ఆతడు.

రాజధాని లేనిచోట సంగీతము పెరుగదని కొందఱందురు. ఇది చరిత్రకు విరుద్ధము. విజయనగరమున 1919లో సంగీతకళాశాల వెలసి, ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి అధ్యక్షులైరి. ద్వారం వెంకటస్వామినాయుడుగారు అచ్చట బోధించిరి. ఘంటసాల వెంకటేశ్వరరావుగారు అచ్చట నేర్చి ఆంధ్రుల గుండెలలో నిలిచిరి. విజయనగరము ఏ రాష్ట్రమునకు రాజధాని? త్యాగరాజస్వామి తంజావూరి రాజాస్థానపు పిలుపును నిరాకరించి తిరువయ్యారున తన యింటనే యుండెనని సంప్రదాయము చెప్పుచున్నది. నేడు ప్రతి పుష్యమున ఆయన సమాధి ముందు పాడుటకు రాజధానులలోని విద్వాంసులందఱు ఆ చిన్న యూరికి పోవుచున్నారు. ఆస్ట్రియాదేశమునకు రాజధాని వియన్నా. అయినను 1920నుండి ఏటేట ప్రపంచపు సంగీతప్రియులు తరలిపోవునది మొజార్టు జన్మించిన సాల్జుబర్గు పట్టణమునకు. ఊరు తన పాటను తాను గౌరవించుకొన్ననాడు రాజధానియే ఊరికి టిక్కెట్టు కొనుక్కొని వచ్చును.

అసలు రాజధానియన్న మాటకే పల్నాడు పరాయిది గాదు. నాగార్జునకొండ లోయలోని విజయపురి మూడు, నాలుగు శతాబ్దులలో ఇక్ష్వాకుల రాజధాని. నాగార్జునసాగరపు నీరు ఆ లోయను ముంచకముందు, 1954 మొదలు జరిగిన త్రవ్వకములలో చతురముగ మెట్లు తీర్చిన రంగస్థలము బయల్పడినది. దానిని ఆ రీతిగనే మాచర్ల చెంత అనుపులో పునర్నిర్మించిరి. ఆ మెట్లపై కూర్చున్నవానికి నడుమ నిలిచి పలికిన మాట సౌండుపెట్టె లేకయే స్పష్టముగ వినబడును. గోలకొండ గుమ్మటముక్రింద చప్పట్లు కొట్టుటకు మన పడుచువారు వందమైళ్లు పోవుచున్నారు. అంతకు వేయేండ్లు మించి పూర్వపు ధ్వనివిద్య మాచర్ల ముంగిట నున్నది. అచ్చట చప్పట్లు కొట్టువాడు లేడు!

ఇప్పుడు మన యెదుట ఒక అదను వచ్చినది. శాతవాహనుల ధాన్యకటకము వెలసిన అమరావతి యూరు 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన పల్నాడు జిల్లాలోనే యున్నది. దాని పేరుతో కట్టబడుచున్న రాజధాని మన పొలిమేరలోనున్నది. కొన్నియేండ్లు ఆగిన ఆ పనులు 2025 మే 2న మరల ప్రారంభింపబడినవి. శాసనసభకు, ఉన్నతన్యాయస్థానమునకు, కార్యదర్శులకు భవనములు లేచును. పాటకు ఏమి లేచును? ఇప్పుడడుగకున్న, కట్టిన తరువాత అడిగి ప్రయోజనము లేదు. గోడ లేచిన పిమ్మట గుమ్మము పెట్టించుట కష్టము.

మేము కోరునవి గొంతెమ్మకోరికలు గావు. మొదటిది: నూతనరాజధానిలో ప్రజల నేలపై, ప్రజల ధనముతో కట్టు ప్రతి సంగీతశాలలోను కొంతభాగము చాపవరుసగ నుండవలెను. దానికి టిక్కెట్టు ఒక పూట టిఫిను ఖర్చును మించరాదు. ఆ వరుస వెనుక గాక ముందుండవలెను. మాచర్లనుండి వచ్చిన రైతుకూలి కుమారుడు గాయకుని ముఖమును తెరపై గాక ఎదుట చూడవలెను. రెండవది: కచేరి ముగిసిన వేళకు నరసరావుపేటకు, పిడుగురాళ్లకు, మాచర్లకు బస్సు లుండవలెను. రాత్రి పదునొకండు గంటలకు పాట ముగిసి, తెల్లవారువఱకు బస్సుస్టాండు అరుగుపై ఆడపిల్లలు కూర్చుండవలసివచ్చిన, ఆ పాట వారికి గాదనియే అర్థము. మూడవది: ఆ వేదికపై ఏటికొకమారైనను మొదటి తాంబూలము వీరవిద్యావంతులకును, చిలకలూరిపేట బాణి నాదస్వరమునకును అందవలెను. దానముగ గాదు, సినీగాయకునికిచ్చు మర్యాదతో, తగిన పారితోషికముతో.

ఇవి ప్రభుత్వమువారు చేయవలసినవి. మనము చేయవలసినవి ఇంతకంటె ముఖ్యమైనవి. ప్రభుత్వము కట్టిన శాలలో గబ్బిలములు చేరుటయు, పౌరులు కట్టుకొన్న సభలో నూఱేండ్లు పాట నిలుచుటయు మనము చూచినదే. నరసరావుపేటవంటి జిల్లాకేంద్రమున నెలకొక కచేరి నడుపుటకు వందమంది సభ్యులు చాలరా? ఒక్కొక్కరు హైదరాబాదు ప్రయాణమునకు పెట్టు ఖర్చులో పదవవంతు ఏడాదికొకమారు చందాగ నిచ్చిన, విద్వాంసునికి దారిఖర్చును పారితోషికమును సమకూడును. కారెంపూడి ఐదు దినములలో ఒక్క దినమునకైనను మన బడులు పిల్లలను తీసికొనిపోయి, ఏ పాట యేల పాడుచున్నారో ముందుగ చెప్పవలెను. చిలకలూరిపేటలో నాదస్వరము నేర్వగోరు పదిమంది బాలురకు భోజనవసతి కల్పింప నొక దాత ముందునకు రావలెను. అనుపు రంగస్థలమున, పురావస్తుశాఖవారి యనుమతితో, కట్టడమునకు భంగము కలుగని రీతిని, సౌండుపెట్టె లేని ఒక్క సాయంకాలపు కచేరి ఏటికొకమారు జరుగవలెను. ఆనాడు హైదరాబాదునుండి, బెంగుళూరునుండి, చెన్నపట్టణమునుండి శ్రోతలు మాచర్ల స్టేషనులో దిగుదురని మా నమ్మకము.

దీనికి కొందఱు పెదవి విఱుతురు. వీరగాథ ముసలివారి పాటయని, నేటి పడుచువారికి రుచింపదని అందురు. ఆ హైదరాబాదు మైదానమున ప్రక్కవాని కులమెఱుగక, ఊరెఱుగక, భుజముపై చేయి వేసి పాడిన పిల్లవాని మాట వారు మరల చదువవలెను. ఆతడు కోరినది క్రొత్తపాటయా, పాతపాటయా యను భేదము గాదు. పదిమందిలో నొకడై పాడవలెనని కోరినాడు. వీరగాథ చేయునదియు అదియే గదా! ఒకరు పాడుచుండగా వినువారందఱు ఆ కథలోని మనుష్యులగుదురు. రుచి చూపకయే రుచింపదనుట వడ్డించనివాని మాట.

యువకులారా! మీరు పట్నమునకు పొండు. చార్మినారును చూడుడు, గోలకొండ నెక్కుడు, గొంతెత్తి పాడుడు. ఎగ్మూరునకు పోయి మీ తాతల రాళ్లను చూచి రండు. మేము మిమ్ము వలదనము. కాని తిరిగి వచ్చునపుడు ఫోటోలను మాత్రమే తేకుడు. అచ్చటి సభను, అచ్చటి క్రమమును, అచ్చటివారు తమ పాటకు కట్టుకొన్న యింటిని మనస్సున పెట్టుకొని రండు. వచ్చే కార్తికపు అమావాస్యకు కారెంపూడికి ఒక్క రాత్రి పొండు. నాగులేటి ఒడ్డున కూర్చుండుటకు టిక్కెట్టు లేదు, కంచె లేదు.

పెద్దలారా! పాటకై పోవు పిల్లవానిని తిట్టుటకు ముందు, ఆతడు ఊరిలోనే నిలుచుటకు మీరేమి పాట మిగిల్చితిరో ఒక్కమారు విచారించుకొనుడు. బ్రహ్మనాయడు అన్నమునకు చాప పఱచెను. పాటకు చాప పఱచుట మన వంతు.